కడపలో పాపను ఇంట్లోనే చదివించాలా, గవర్నమెంట్ బడికి పంపాలా?

మీ పాపకు ఏడేళ్లు, ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో చదివించాలని ఉందన్నారు. చట్టం అడ్డు రాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. ఇంటి చదువును పేరు పెట్టి నిషేధించలేదు, తల్లిదండ్రులకు శిక్షా లేదు. 14 నిండాక ఎన్‌ఐఓఎస్‌ (బడికి వెళ్లకుండా పరీక్షలు రాయించే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్)లో ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయించొచ్చు.

అసలు చిక్కు సమయం. పగలంతా ఇద్దరూ బయటుంటే చెప్పేదెవరు? అవ్వ దగ్గర వదిలితే అది చదువు కాదు, కాపలా (అవ్వలు కోప్పడకూడదు).

బడి బాగా లేదనిపిస్తే మానేయడానికి ముందు యాజమాన్య కమిటీ సంగతి చూడండి. అందులో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడి పనితీరు, వచ్చిన డబ్బు ఖర్చు గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం దాని పని. చాలాచోట్ల సంతకాలతో సరిపెడతారు. మీరు సభ్యులై టీచర్ల హాజరు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం గురించి గట్టిగా అడిగితే కొంతైనా కదలిక వస్తుంది.

నేనైతే పాపను బడికి పంపి, సాయంత్రం ఒక గంట పక్కన కూర్చుంటాను.