టెక్ సందేహాలు: అప్‌డేట్ చేశాక డెస్క్‌టాప్ మొరాయిస్తోంది

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. అన్ని సిస్టమ్స్‌లో డెబియన్ లైనక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. అప్‌డేట్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెడుతోంది. మొన్న దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున్నే ఒకదాంట్లో ప్యానెల్ (మెనూ, టాస్క్‌బార్ ఉండే పట్టీ) మాయమైంది. ఇంకోదాంట్లో పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోంది. ప్రతిసారీ ఫార్మాట్ చేయాల్సిందేనా? సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి దించుకోవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: ఫార్మాట్ అక్కర్లేదండీ. సగం జవాబు మీ ఫొటోలోనే ఉంది. ఒక లైనులో ‘స్టేబుల్’, దాని కిందే ‘టెస్టింగ్’. స్టేబుల్ అనేది తాజా విడుదలకు తగిలించే బోర్డు లాంటిది. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 రాగానే ఆ బోర్డు 12 నుంచి 13కి మారింది. ఆ తర్వాత మీరు మామూలు అప్‌డేటే అనుకుని, అది అడిగినదానికల్లా ‘ఎస్’ కొట్టి ఉంటే ఏకంగా వెర్షనే మారిపోయి ఉంటుంది. అందుకే అక్కడ ‘బుక్‌వార్మ్’ (డెబియన్ 12) అనో ‘ట్రిక్సీ’ (డెబియన్ 13) అనో, మీ సిస్టమ్‌లో ఏది ఉంటే ఆ పేరే రాయండి.

టెస్టింగ్ అంటే ఇంకా పరీక్షల్లో ఉన్న తర్వాతి వెర్షన్. ఆ లైను మాత్రం తీసేయండి. కొత్త లిబ్రేఆఫీస్ కోసం పెట్టి ఉంటారు, చాలామంది చేసే పనే. దానితోపాటు కొత్త లైబ్రరీలు (ప్రోగ్రాములన్నీ పంచుకునే కోడ్) దిగి డెస్క్‌టాప్ కింద నేలను కదిలిస్తాయి. కొత్త వెర్షన్ కావాలంటే, స్టేబుల్‌కు సరిపడేలా తయారుచేసి ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్‌లో చూడండి, లేదా సిస్టమ్ లైబ్రరీలను కదపని ఫ్లాట్‌పాక్‌లో వేసుకోండి. అయితే ఆ లైను తీసేసినంత మాత్రాన ఇప్పటికే దిగిన ప్యాకేజీలు వెనక్కి పోవు.

ఇక ప్యానెల్. కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. అక్కడ ప్యానెల్ బాగుంటే సిస్టమ్‌లో తప్పు లేదు, పాత యూజర్ సెట్టింగ్‌లే చెడ్డాయి. ఆ యూజర్ లాగౌట్ అయి ఉన్నప్పుడు హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ పేరు మార్చండి. తిరిగి లాగిన్ అయితే అంతా మొదటిలా వస్తుంది. వాల్‌పేపర్, షార్ట్‌కట్‌లు మళ్లీ పెట్టుకోవాలి, అంతే.

లాగిన్ దగ్గర తిరుగుతున్న సిస్టమ్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అయి, డిస్క్ ఎంత నిండిందో చూపే ‘డీఎఫ్’ కమాండ్ ఇవ్వండి. డిస్క్ వంద శాతం నిండిపోయి ఉంటే కారణం అదే కావొచ్చు. నెట్ సెంటర్లలో కస్టమర్లు దించిన పీడీఎఫ్‌లు, స్కాన్‌లు ఎవరూ తీసేయరు కదా! డిస్క్‌లో ఖాళీ ఉంటే హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్ (డెస్క్‌టాప్ తెరిచే అనుమతి ఇందులో ఉంటుంది) ఎవరి పేరున ఉందో చూడండి. రూట్ (అడ్మిన్) పేరున ఉంటే తొలగించండి, లాగిన్‌లో మళ్లీ తయారవుతుంది.

ఇకముందు అప్‌డేట్‌కు ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి నకలు) తీసుకోండి. మామూలుగా అది హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది కాబట్టి వెనక్కి వెళ్లినా కస్టమర్ ఫైళ్లకు టెన్షన్ లేదు. వాటికి బ్యాకప్ మాత్రం మీరు విడిగా తీసుకోవాలి. స్నాప్‌షాట్ పెట్టే డిస్క్ ఈఎక్స్‌టీ4 లాంటి లైనక్స్ ఫార్మాట్‌లో ఉండాలి, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ పనికిరాదు. ముందు ఒక్క సిస్టమ్‌లో అప్‌డేట్ చేసి, రెండ్రోజులు వాడి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకోండి. టికెట్ల రోజు మాత్రం ఏదీ ముట్టుకోవద్దు.

ప్రశ్న: చిత్తూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్), కేడీఈ డెస్క్‌టాప్ ఉన్నాయి. వెర్షన్ అప్‌గ్రేడ్ చేశాక డెస్క్‌టాప్ రావడం లేదు, కన్సోల్ మాత్రమే వస్తోంది.

జవాబు: ముందుగా గ్రాఫిక్స్ డ్రైవర్‌నే అనుమానించాలి. ఫ్రీబీఎస్‌డీలో అది డీఆర్‌ఎం-కేమాడ్ అనే విడి ప్యాకేజీ, కెర్నెల్‌కు (సిస్టమ్ మూల ప్రోగ్రామ్‌కు) సరిపడేలా తయారై ఉండాలి. కెర్నెల్ మారి ప్యాకేజీ పాతదే ఉంటే లోడ్ కాదు. సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకునే పోర్ట్స్ పద్ధతిలో దాన్ని మీ కెర్నెల్‌కే బిల్డ్ చేసుకోండి. జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఇన్‌స్టాల్ చేసి ఉంటే, అప్‌గ్రేడ్‌కు ముందరి బూట్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ పాత నకలు) ఉందేమో బూట్ మెనూలో చూడండి. ఉంటే దాంట్లోకి వెళ్లి ప్రస్తుతానికి పని నడుపుకోవచ్చు. ప్యాకేజీలకు డిఫాల్ట్‌గా వచ్చే, మూడు నెలలకోసారి మారే క్వార్టర్లీ శాఖ చాలు, లేటెస్ట్‌కు మారే పని పెట్టుకోకండి.

ప్రశ్న: గ్నోమ్ డెస్క్‌టాప్ కొత్త వెర్షన్ రాగానే ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) ఆగిపోతున్నాయి. - శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: గ్నోమ్ ఆరు నెలలకోసారి మారుతుంది. ఏ వెర్షన్లలో పనిచేస్తుందో ప్రతి ఎక్స్‌టెన్షన్‌లో రాసి ఉంటుంది, అందులో కొత్తది లేకపోతే ఆగిపోతుంది. రోజూ వాడే రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి.