పొలం అమ్మి పైలట్ చదువా? బయానా తీసుకునే ముందు ఒక్క మాట

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, వయసు 49. సీపీఎస్ (జీతం నుంచి వాటా కట్టే పెన్షన్ పథకం) పరిధిలో ఉన్నాను. నెలకు 78 వేలు చేతికి వస్తాయి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, 17 ఏళ్లు నిండాయి. పైలట్ అవుతానని పట్టుబడుతున్నాడు. హైదరాబాద్‌లో ఒక అవగాహన సదస్సుకు వెళితే మొత్తం 55 లక్షలు అవుతుందని, 18 నెలల్లో ఉద్యోగం ఖాయమని చెప్పారు. హాలియాకు ఐదు కిలోమీటర్ల దూరంలో, సాగర్ ఎడమ కాలువ కింద తాతల నాటి నాలుగెకరాలు ఉన్నాయి. ఎకరం 25 లక్షలకు అడుగుతున్నారు, వచ్చే వారం బయానా ఇస్తామంటున్నారు. అమ్మాయి నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం. అప్పు లేని ఇల్లు, 12 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. పొలం అమ్మవచ్చా?

జవాబు: సార్, వచ్చే వారం బయానా తీసుకోకండి. అబ్బాయి కోరిక తప్పని కాదు. మీరు మొదట ఖర్చు పెట్టాల్సింది కొన్ని వేల రూపాయలు మాత్రమే, కోటి రూపాయల ఆస్తిని కాదు.

పైలట్‌కు వైద్య పరీక్షే మొదటి గడప. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర ముందు క్లాస్ 2 (శిక్షణ మొదలుపెట్టడానికి), ఆ తర్వాత క్లాస్ 1 (వృత్తి పైలట్ కావడానికి) పరీక్ష చేయించండి. కళ్లద్దాలు ఉన్నా చూపు సరిగ్గా సరిదిద్దుకోగలిగితే ఇబ్బంది లేదు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం విమానయాన సంస్థల దారి దాదాపు మూసుకుపోతుంది. ఫీజు కట్టేశాక ఈ సంగతి బయటపడితే ఆ బాధ చెప్పనలవి కాదు. క్లాస్ 1 కూడా ఒకసారి గెలిస్తే సరిపోయేది కాదు. ఉద్యోగంలో చేరాక ఏటా నిరూపించుకుంటూనే ఉండాలి.

రెండో గడప డీజీసీఏ రాత పరీక్షలు. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన సాంకేతిక అంశాలు, వీటితో పాటు రేడియో టెలిఫోనీ, అంటే రేడియోలో సంభాషించే పద్ధతి. రాత పరీక్షల్లో 70 శాతం మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. విమానం ఎక్కకముందే వీటిలో చాలా వరకు పూర్తి చేయవచ్చు. కోచింగ్‌కు, హైదరాబాద్‌లో హాస్టల్‌కు అయ్యే ఖర్చు మీ ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీకి జీతం నుంచి కొంత కలిపి భరించండి. ఏడాదిలో కనీసం మూడు పేపర్లు గట్టెక్కితే ఆ పట్టుదల నిజమైనదని మీకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. అప్పుడు పొలం సంగతి మాట్లాడుకుందాం.

ఇక సదస్సులో చెప్పిన 55 లక్షలు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల విమానయానం కావాలి, అందులో 100 గంటలు తానే పైలట్‌గా నడిపి ఉండాలి. ఫీజులు, వసతి, పరీక్షలు కలిపితే 60 లక్షల దాకా లెక్క వేసుకోండి. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్ ఎ320 వంటి ఒక ఫలానా విమానంపై చేసే టైప్ రేటింగ్‌కు మరో 15 నుంచి 20 లక్షలు. అంటే మీ ముందున్నది 80 లక్షల పని. ఆ 18 నెలలూ అంతే. విమానాలు, శిక్షకులు సరిపడా లేని చోట, వానాకాలంలో మబ్బు వీడని రోజుల్లో గంటలు కదలవు. రెండేళ్లు, రెండున్నరేళ్లు పట్టినవారిని నేను స్వయంగా చూశాను.

ఉద్యోగాలు లేవని నేను అనను. 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలకు, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరు ఇచ్చాయి. అవి వస్తున్నకొద్దీ పైలట్లు కావాల్సిందే. కానీ కొత్త విమానానికి ముందు కావాల్సింది కెప్టెన్. కెప్టెన్ లైసెన్సుకు 1,500 గంటల అనుభవం కావాలి. 200 గంటలతో వచ్చిన కుర్రాడు వరుసలో చివర నిలబడతాడు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లు మార్కెట్లోకి వచ్చారు, కొత్తవాళ్లు ఇంకా వెనక్కి పోయారు. లైసెన్సు చేతికి వచ్చిన నాటికీ మొదటి జీతం వచ్చిన నాటికీ మధ్య ఉండే ఆ ఖాళీయే మధ్యతరగతి ఇళ్లను కుంగదీస్తుంది. ఆ కాలంలోనూ ఖర్చు ఆగదు. బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హతను, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను ఏటా పునరుద్ధరించుకోవాలి, దానికీ డబ్బే. రెండేళ్లు జీతం రాకపోయినా మీ ఇల్లు నడవాలి. ఈ లెక్క సదస్సుల్లో ఎవరూ చెప్పరు.

మొత్తం అప్పు చేస్తే? 80 లక్షలు, 11 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే నెలకు దాదాపు 91 వేల వాయిదా. మీ జీతం కన్నా ఎక్కువ. పైగా మీ రిటైర్మెంట్‌కు మిగిలింది 12 ఏళ్లే. పొలాన్ని తాకట్టు పెడదామన్నా, బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి విద్యారుణానికి దాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. అందుకే గడపలు రెండూ దాటాక నా సూచన ఇది. రెండెకరాలు అమ్మండి, 50 లక్షలు. మిగతా 30 లక్షలకు ఇంటిని హామీగా పెట్టి విద్యారుణమే తీసుకోండి, ఇంటి మీద మామూలు తనఖా అప్పు వద్దు. విద్యారుణం వడ్డీకి పాత పన్ను విధానంలో మినహాయింపు ఉంది. వాయిదా 34 వేల చిల్లర, కష్టమే కానీ మీ జీతంలో ఇముడుతుంది. చదువు సాగుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ రండి. టైప్ రేటింగ్ కోసం ఉంచిన 20 లక్షలు మాత్రం నియామకాలు కళ్లకు కనబడేదాకా బ్యాంకు నుంచి తీయవద్దు. ఎఫ్‌డీ అసలు అలాగే ఉండాలి, అది ఆ ఖాళీ కాలానికి.

మీ ఉత్తరంలో అమ్మాయి ప్రస్తావన ఒక్క వాక్యమే ఉంది. నాకు మనసు కలుక్కుమంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే 2005 చట్ట సవరణ ప్రకారం ఆమెకు కొడుకుతో సమాన హక్కు ఉంది. అమ్మే రెండెకరాలను అబ్బాయి వాటాగా కాగితం మీద రాసుకోండి. అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పి, ఆమె సంతకంతోనే ముందుకు వెళ్లండి. పన్ను విషయానికొస్తే, హాలియా వంటి చిన్న మున్సిపాలిటీ హద్దు నుంచి తిన్నని గీతలో కొలిచిన దూరం (రోడ్డు దూరం కాదు) రెండు కిలోమీటర్లు దాటిన పల్లె వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. ఆ దూరానికి ఆధారం దగ్గర పెట్టుకోండి.

ఫీజు ఒకేసారి ఎక్కడా కట్టకండి. ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కడతామని రాయించుకోండి. శిక్షణ సంస్థలకు డీజీసీఏ 2025 నుంచి ర్యాంకులు ఇస్తోంది, అవి చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ప్రభుత్వ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. బీమా గురించి నొక్కి చెబుతున్నాను. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ఒక శిక్షణార్థి చనిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మామూలు ప్రమాద బీమా చాలావరకు టికెట్ కొన్న ప్రయాణికుడికే వర్తిస్తుంది, విమానం నడిపేవారికి కాదు. శిక్షణకు వర్తించే పాలసీ ఉందో లేదో కాగితం చూసి గాని వాడిని విమానం ఎక్కనివ్వకండి.

ఇంకో దారి కూడా ఉంది, అక్కడ శిక్షణకు పైసా ఖర్చు లేదు. ఎంపీసీ పిల్లలు ఏటా రెండుసార్లు జరిగే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయవచ్చు. వైమానిక దళానికి ఎంపికైతే విమానం నడపడం ప్రభుత్వమే నేర్పుతుంది. వైమానిక దళ అకాడమీ మన దుండిగల్‌లోనే ఉంది. పందొమ్మిదిన్నర ఏళ్లు దాటేలోపు మీ వాడికి మూడు నాలుగు అవకాశాలు దొరుకుతాయి. డీజీసీఏ చదువుతో పాటే ఇదీ రాయమనండి. దూరవిద్యలో ఒక డిగ్రీ కూడా చేయించండి. ఎప్పుడైనా మెడికల్‌లో ఆగిపోతే చేతిలో ఇంకో చదువు ఉండాలి.

కొనేవారికి ఏడాది తర్వాత చూద్దామని చెప్పండి. కాలువ నీళ్లు పారే పొలానికి బేరం మళ్లీ వస్తుంది. క్లాస్ 2 రిపోర్టు రాగానే నాకు రాయండి, శిక్షణ సంస్థ ఇచ్చే ఫీజు పత్రం కూడా జత చేయండి. ఇద్దరం కూర్చుని చదువుదాం.