పెద్దల మాట తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలంటే

ప్రశ్న: రిటైరైన వాళ్లం పదిమందిమి ఉన్నం. ప్రతి గ్రామసభకు పోతం, మాట్లాడుతం. అందరూ తలూపుతరు, పని మాత్రం కాదు. ఏం చేయాలె?
– రిటైర్డ్ టీచర్, నకిరేకల్ మండలం

జవాబు: సభలో అన్నమాట సభతోనే పోతుంది. తీర్మానాల పుస్తకంలో రాసిందే ఆఫీసులకు చేరుతుంది.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఏడాదికి రెండుసార్లు వృద్ధులు, దివ్యాంగుల సమస్యల మీదే ప్రత్యేకంగా చర్చించాలి. ఆ సభ ఎప్పుడో అడుగుతూ, మీ విషయం ఎజెండాలో చేర్చమని పంచాయతీ కార్యదర్శికి ముందే దరఖాస్తు ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి.

‘వృద్ధులకు సౌకర్యాలు కల్పించాలి’ అని రాస్తే అది ఎవరి పనో తేలదు. పింఛను పంచేచోట నీడ, నాలుగు బెంచీలు, తాగునీళ్లు కావాలంటే పంచాయతీయే చేయగలదు. పొద్దున బస్సు ఆస్పత్రి ఓపీ వేళకు అందాలంటే తీర్మానం కాపీ ఆర్టీసీ డిపో మేనేజరుకు పోవాలి. వేలిముద్రలు అరిగి పింఛను అందనివాళ్ల జాబితా ఎంపీడీవోకు. మూడూ ఒకే తీర్మానంలో కుక్కితే ఏ ఆఫీసూ తనది అనుకోదు, విడివిడిగా రాయించండి.

ఇక ఎక్కువమంది మోసపోయేది సంతకం దగ్గర. ఖాళీ పేజీ కింద సంతకం చేయకండి. రాసింది చదివించుకుని, తీర్మానం నెంబరు, తేదీ నోట్ చేసుకోండి. తర్వాత అది కదలకపోతే సమాచార హక్కు కింద కాపీ అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు గడువు 30 రోజులు. ఆ కాపీ చేతిలో ఉంటే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో మీ అర్జీకి బలం వస్తుంది.

ప్రశ్న: మా తండాల వయసోళ్లంత బతుకుదెరువుకు పోయిన్రు. సభకు వచ్చేది మా ముసలోళ్లమే. వేలిముద్రలు తీసుకొని ఇంటికి పొమ్మంటరు.
– ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాకపోతే ఆ సభకు కోరమే (సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస మంది) ఉండదు. అదే మీ బలం. చదువు వచ్చిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. తీర్మానం గట్టిగా చదివి వినిపించాకే వేలిముద్ర వేస్తామని మీరంతా ఒక్కమాట మీద ఉండండి.

ఇంకొకటి. పంచాయతీలో ముగ్గురు కో ఆప్షన్ సభ్యులు (ఓట్లతో గెలవకుండా పాలకవర్గంలోకి తీసుకునేవాళ్లు) ఉండాలి. అందులో ఒక స్థానం ఊళ్లోని విశ్రాంత ఉద్యోగికో సీనియర్ సిటిజన్‌కో. ఓటు ఉండదు కానీ పాలకవర్గం సమావేశంలో కూర్చుని మాట్లాడవచ్చు. సర్పంచుకు దగ్గరివాళ్ల పేరు రాసేసుకోవడం మామూలే కాబట్టి, మీరే ఒక పేరు అనుకుని ముందుగా రాతపూర్వకంగా ఇవ్వండి. ఊరు విడిచి పోనివాళ్లయితే మేలు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మున్సిపాలిటీలో గ్రామసభలు ఉండవు కదా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: వార్డు కమిటీలు ఉన్నాయి. 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు చెప్పింది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులు. ఒక్కోదానిలో 15 మంది. మీ వార్డు సీనియర్ సిటిజన్ల కమిటీలో ఎవరెవరున్నారో మున్సిపల్ కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి. కాగితం మీద పేర్లుండి, ఆ పేరున్నవాళ్లకే సంగతి తెలియకపోవచ్చు. వాళ్లకు కబురుపెట్టి సమావేశం అడిగించండి.