డిప్లాయ్ చేసిన కొద్దీ సైటు నెమ్మదిస్తోంది, ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటోంది: ఓపీక్యాష్ ఎలా సెట్ చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి: ఉబుంటు 24.04, పీహెచ్‌పీ 8.3 ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీసు), ఇంజిన్‌ఎక్స్, లారావెల్, 4 జీబీ ర్యామ్. ప్రతి డిప్లాయ్‌కీ కొత్త రిలీజ్ ఫోల్డర్ తయారవుతుంది, కరెంట్ అనే సిమ్‌లింక్ దానివైపు తిరుగుతుంది. ఓపీక్యాష్ (కంపైల్ అయిన పీహెచ్‌పీ కోడును మెమరీలో దాచే క్యాష్) ఆన్‌లోనే ఉంది. అయినా కొన్ని డిప్లాయ్‌లయ్యాక సీపీయూ వాడకం పెరుగుతోంది, రీస్టార్ట్ చేస్తే తగ్గుతోంది. పైగా డిప్లాయ్ అయిన వెంటనే కాసేపు పాత కోడూ కొత్త కోడూ కలగలిసి కనిపిస్తున్నాయి. ఈ రెంటికీ కారణాలు వేరు. రెండూ సరిచేయగలిగినవే, ర్యామ్ పెంచాల్సిన పని లేదు.

మొదటిది ఎక్కువమందికి తెలియని సంగతి. ఓపీక్యాష్ నిండితే పాత ఫైళ్ళను తీసేసి కొత్తవాటికి చోటివ్వదు. చాలా క్యాష్‌లలో ఎక్కువ రోజులుగా వాడనిది ముందు బయటికి పోతుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఒక ఫైలు మారి మళ్ళీ కంపైల్ అయితే, దాని పాత కాపీ ఉన్న చోటు వృథా ఖాతాలో పడుతుంది, అంతే. మెమరీ నిండి, వృథా కూడా 5 శాతం దాటితేనే క్యాష్ మొత్తం ఖాళీ అయి మళ్ళీ మొదలవుతుంది. మీ పద్ధతిలో పాత రిలీజ్ ఫైళ్ళేవీ మారవు. వాటిని ఎవరూ అడగరు కాబట్టి ఫోల్డర్ డిలీట్ చేసినా ఓపీక్యాష్‌కు ఆ సంగతి తెలియదు. దాని లెక్కలో అవి ఇంకా పనికొచ్చే ఫైళ్ళే. కాబట్టి వృథా సున్నా దగ్గరే ఉంటుంది, మెమరీ మాత్రం నిండిపోతుంది, రీస్టార్ట్ జరగదు. ఆ తర్వాత వచ్చిన రిలీజ్‌లోని ఫైళ్ళు ప్రతి రిక్వెస్టుకూ కొత్తగా కంపైల్ అవుతుంటాయి. ఎర్రర్ ఏదీ రాదు, పేజీ మాత్రం నెమ్మదిగా వస్తుంది.

ఇదే జరుగుతోందో లేదో ముందు చూసుకోండి. ఓపీక్యాష్ గెట్ స్టేటస్ అనే ఫంక్షన్‌ను ఫాల్స్ అనే ఆర్గ్యుమెంట్‌తో పిలిచి, వచ్చినదాన్ని జేసన్‌గా చూపించే చిన్న పీహెచ్‌పీ ఫైలు పెట్టండి. ఫాల్స్ ఇవ్వకపోతే క్యాష్‌లోని ప్రతి ఫైలు పేరూ వచ్చి పడుతుంది. ఆ ఫైలును 127.0.0.1 నుంచి తప్ప ఎవరూ తెరవకుండా ఇంజిన్‌ఎక్స్‌లో కట్టడి చేయండి. దాన్ని టెర్మినల్‌లో పీహెచ్‌పీ కమాండ్‌తో నడపకండి. కమాండ్ లైనుకూ ఎఫ్‌పీఎంకూ ఉండే మెమరీ వేర్వేరు, అక్కడ చూసే అంకెలు మీ సైటువి కావు. అదే కారణంగా డిప్లాయ్ స్క్రిప్టులో కమాండ్ లైను నుంచి ఓపీక్యాష్ రీసెట్ పిలిచినా ఎఫ్‌పీఎంలో ఏమీ కదలదు. ఫైలు పెట్టడం ఇష్టం లేకపోతే క్యాష్‌టూల్ అనే పరికరం ఎఫ్‌పీఎం సాకెట్‌కు నేరుగా కలిసి అవే వివరాలు ఇస్తుంది.

అందులో ముందు క్యాష్ ఫుల్ అన్నచోట ట్రూ ఉందేమో చూడండి. ట్రూ అని ఉండి, వృథా శాతం చాలా తక్కువగా ఉండి, మిస్‌ల సంఖ్య పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా పెరుగుతుంటే జబ్బు దొరికినట్టే. హిట్ రేట్ ఒక్కటే చూసి తృప్తి పడకండి. అది ఎఫ్‌పీఎం మొదలైనప్పటి నుంచి లెక్కించే సగటు కాబట్టి, నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ పాడైనా 98, 99 అనే చూపిస్తుంది. క్యాష్‌లో ఉన్న కీల (ఫైలు దారికి పడే గుర్తుల) సంఖ్యనూ గరిష్ఠ కీల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడండి. మెమరీ మిగిలి ఉండగా కీలు నిండిపోయినా ఫలితం ఇదే. ఓఓఎం రీస్టార్ట్స్ (మెమరీ నిండి జరిగినవి), హ్యాష్ రీస్టార్ట్స్ (కీలు నిండి జరిగినవి) సున్నా కాకపోతే, క్యాష్ నిండి ఖాళీ అవడం ఇప్పటికే జరిగిందన్నమాట.

ఇక సెట్టింగులు. వీటి అసలు పేర్లన్నీ ఓపీక్యాష్ అన్న మాట, దాని వెంట ఒక చుక్కతో మొదలవుతాయి, పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. ప్యాకేజీతో వచ్చిన ఫైలును ముట్టుకోకండి. పీహెచ్‌పీ 8.3 ఎఫ్‌పీఎం తాలూకు కాన్ఫ్ డి ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే పేరుతో మీదైన ఐఎన్ఐ ఫైలు పెట్టుకుంటే అదే చివర్లో చదవబడుతుంది. కొందరు వీటిని పూల్ ఫైలులో పీహెచ్‌పీ అడ్మిన్ వాల్యూ లైనుగా రాస్తారు. మెమరీ పరిమాణం అక్కడ రాస్తే పనిచేయదు, ఎందుకంటే షేర్డ్ మెమరీని మాస్టర్ ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే కేటాయిస్తుంది, పూల్ విలువలు ఆ తర్వాత పిల్ల ప్రాసెస్‌లకు అందుతాయి.

మెమరీ కన్సంప్షన్ డిఫాల్ట్ 128. మీకు 256 పెట్టండి. ఇది మెగాబైట్ల లెక్క, పక్కన ఎం అక్షరం రాయకూడదు. ఈ 256 ఎఫ్‌పీఎం పిల్ల ప్రాసెస్ ఒక్కోదానికి కాదు, అన్నిటికీ కలిపి ఒక్కటే. కాబట్టి 4 జీబీ మెషీన్‌లో దీని గురించి పిసినారితనం వద్దు. ఒక పిల్ల ప్రాసెస్ తగ్గించుకునైనా ఇక్కడ చోటివ్వడం మేలు.

ఇంటర్న్‌డ్ స్ట్రింగ్స్ బఫర్ డిఫాల్ట్ 8, లారావెల్ లాంటి పెద్ద ఫ్రేమ్‌వర్క్‌కు ఇది ముందుగా నిండేది. క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు ఒక్కసారే దాచుకుని అందరూ పంచుకునే చోటు ఇది. నిండితే అదే పేరు ఏ ఫైలుకా ఫైలు వెంట విడిగా నిల్వ అవుతుంది, అసలు మెమరీ త్వరగా తరిగిపోతుంది. 32 పెట్టండి. ఇది పై 256లోంచే తీసుకుంటుంది, అదనం కాదు.

మ్యాక్స్ యాక్సిలరేటెడ్ ఫైల్స్ డిఫాల్ట్ 10000. మీరిచ్చిన అంకెను ఓపీక్యాష్ తన దగ్గరున్న ప్రధాన సంఖ్యల జాబితాలో పై సంఖ్యకు సవరించుకుంటుంది: 10000 అంటే నిజానికి 16229, 20000 అంటే 32531. రిలీజ్ ఫోల్డర్‌లో ఫైండ్ కమాండ్‌తో పీహెచ్‌పీ ఫైళ్ళు వెతికి, డబ్ల్యూసీ మైనస్ ఎల్‌తో లెక్కపెట్టండి. వెండర్ ఫోల్డర్‌తో సహా లెక్కించి, వచ్చినదానికి రెట్టింపు ఇవ్వండి. ఒకే ఫైలును రెండు దారుల్లో పిలిస్తే రెండు కీలు పడతాయి కాబట్టి ఆ వెసులుబాటు అవసరం.

వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్ దగ్గరే అసలు నిర్ణయం. 1 ఉంటే రీవ్యాలిడేట్ ఫ్రీక్ చెప్పినన్ని సెకన్లకోసారి ఫైలు మారిందా అని చూస్తుంది, డిఫాల్ట్ 2 సెకన్లు. మెషీన్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద ఈ ఖర్చు స్వల్పం, ఎన్ఎఫ్ఎస్ లాంటి నెట్‌వర్క్ డిస్క్ మీద బాగా తెలుస్తుంది. 0 పెడితే రీలోడ్ చేసేదాకా ఏ మార్పూ కనిపించదు. డిప్లాయ్ స్క్రిప్టు చివర రీలోడ్ తప్పకుండా ఉంటుందన్న భరోసా ఉంటేనే 0 పెట్టండి. సర్వర్‌లోకి వెళ్ళి ఫైలు దిద్దే అలవాటు మీ జట్టులో ఒక్కరికున్నా 1 ఉంచి, ఫ్రీక్ 60 చేయండి. సేవ్ కామెంట్స్‌ను 0 చేయమని పాత సలహాలు కనిపిస్తాయి, వినకండి. డాక్ట్రిన్ లాంటి లైబ్రరీల పాత అనోటేషన్లు ఆ కామెంట్లలోనే ఉంటాయి.

రెండో సమస్య, పాత కోడు కలగలిసి రావడం. పీహెచ్‌పీ ప్రతి ప్రాసెస్‌లోనూ సిమ్‌లింక్ అసలు దారిని గుర్తుపెట్టుకుంటుంది, డిఫాల్ట్‌గా 120 సెకన్లు. ఒక ప్రాసెస్ కొత్త దారి పట్టాక కూడా పక్కది పాత దారిలోనే ఉంటుంది. టైమ్‌స్టాంప్ చూడటం మానేస్తే ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. దీనికి మందు ఇంజిన్‌ఎక్స్‌లో ఉంది: స్క్రిప్ట్ ఫైల్‌నేమ్, డాక్యుమెంట్ రూట్ అనే రెండు ఫాస్ట్‌సీజీఐ పారామ్‌లలో డాలర్ డాక్యుమెంట్ రూట్ బదులు డాలర్ రియల్‌పాత్ రూట్ వాడండి. ఉబుంటు ఇచ్చే స్నిపెట్‌లో పాత విలువలు ముందే రాసి ఉంటాయి. మీ లైన్లు ఇంక్లూడ్ లైను కింద ఉండాలి, పైన రాస్తే పాతవే నెగ్గుతాయి.

అయితే ఇదొక్కటే చేసి రీలోడ్ మానేస్తే మొదటి సమస్య అలాగే ఉంటుంది. ప్రతి రిలీజూ కొత్త దారి కాబట్టి క్యాష్ పోగవుతూనే పోతుంది. రెండూ కావాలి.

డిప్లాయ్ వరుస ఇలా ఉండాలి. కొత్త ఫోల్డర్‌లో కంపోజర్ ఇన్‌స్టాల్, ఆ తర్వాత ఆర్టిజన్‌తో కాన్ఫిగ్, రూట్, వ్యూ క్యాష్‌లు. అప్పుడు సిమ్‌లింక్ మార్పు. ఎల్ఎన్ మైనస్ ఎస్ఎఫ్ఎన్ పాత వెర్షన్లలో పాత లింకును తీసేసి కొత్తది పెట్టేది, మధ్యలో ఒక్క క్షణం లింకు ఉండేది కాదు. తాత్కాలిక పేరుతో లింకు చేసి ఎంవీ మైనస్ టీ (పెద్ద అక్షరం)తో దాని మీదికి జరిపితే ఆ సందు ఉండదు. తర్వాత పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం 8.3ను మైనస్ టీ (చిన్న అక్షరం)తో నడిపి కాన్ఫిగరేషన్ సరిచూసి, సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్. రీలోడ్‌తో మాస్టర్ మళ్ళీ మొదలవుతుంది, ఓపీక్యాష్ ఖాళీ అవుతుంది. డిప్లాయ్ యూజర్‌కు సుడోలో ఈ ఒక్క కమాండ్‌కే అనుమతి ఇస్తే చాలు.

రీలోడ్ చేసినప్పుడల్లా కొందరికి 502 ఎర్రర్ వస్తుంది, దాంతో భయపడి రీలోడ్ తీసేస్తారు. ఎఫ్‌పీఎంలో ప్రాసెస్ కంట్రోల్ టైమౌట్ డిఫాల్ట్ 0 కావడమే దానికి కారణం, నడుస్తున్న రిక్వెస్టులు పూర్తయ్యేదాకా ఆగదు. ఎఫ్‌పీఎం ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలు గ్లోబల్ భాగంలో దాన్ని 10 సెకన్లు చేయండి. మీ పేజీల్లో దీర్ఘంగా నడిచే రిపోర్టులుంటే ఇంకొంచెం పెంచండి. రీలోడ్ అయ్యాక కర్ల్‌తో ముఖ్యమైన పేజీలు నాలుగైదు తెరిస్తే మొదటి వినియోగదారుడి మీద కంపైల్ భారం పడదు.

క్యూ వర్కర్లకు (వెనక పనులు చేసే ప్రాసెస్‌లకు) ఇవేవీ వర్తించవు. అవి మొదలైనప్పుడు చదివిన కోడునే ప్రాసెస్‌లో పెట్టుకుని నడుస్తాయి, ఎఫ్‌పీఎం రీలోడ్ వాటిని తాకదు. డిప్లాయ్ చివర ఆర్టిజన్ క్యూ రీస్టార్ట్ విడిగా ఇవ్వాలి.

జేఐటీ (కోడును నడిచేటప్పుడే మెషీన్ కోడుగా మార్చే సదుపాయం) గురించి కూడా అడిగారు. 8.3లో దాని బఫర్ డిఫాల్ట్ 0 కాబట్టి అది ఆఫ్‌లోనే ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. డేటాబేస్ కోసం ఎదురుచూసే పేజీకి దానివల్ల ఒరిగేది తక్కువ. ప్రీలోడ్ (ఎఫ్‌పీఎం మొదలయ్యేటప్పుడే ఫైళ్ళను మెమరీలోకి తెచ్చుకోవడం) కూడా ఇప్పుడే వద్దు.

ఒక రోజు మామూలు ట్రాఫిక్ నడిచాక స్టేటస్ మళ్ళీ తీయండి. ఫ్రీ మెమరీ మూడోవంతు దాకా మిగిలి, ఇంటర్న్‌డ్ బఫర్‌లో ఖాళీ ఉండి, మిస్‌లు కదలకుండా ఉంటే ఈ అంకెలే ఉంచండి. ఖాళీ అంతకన్నా తక్కువగా ఉంటే 256ను 384 చేయండి. అప్పటికీ క్యాష్ ఫుల్ ట్రూ అంటుంటే ఫాల్స్ తీసేసి ఫైళ్ళ జాబితా చూడండి, పాత రిలీజ్ దారులు కనిపిస్తే మీ స్క్రిప్టులో రీలోడ్ నడవడం లేదని అర్థం. ఆ అవుట్‌పుట్ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.