అద్దానికి అటువైపు కూర్చునే ముందు

బిడ్డా,

నువ్వు ఫోన్ చేసి "అత్తమ్మా, సోమవారం నుంచి క్లినిక్‌లో పోస్టింగ్, ఏం చదువుకొని పోవాలె" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. చదివింది చాలు. ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడుకొచ్చావు, థియరీ నాకంటే నీకే తాజాగా గుర్తుంటుంది. నేను చెప్పగలిగేది గది గురించి, తలుపు గురించి, బీరువా తాళం గురించి. దాదాపు ముప్ఫై ఏళ్లు ట్రెయినీల వెనక కూర్చున్నదాన్ని కదా, నేను చూసినంతలో వాళ్లు చేసే తప్పుల్లో సగం కౌన్సెలింగ్‌లో తప్పులు కావు, గది వాడుకోవడం తెలియక చేసేవే.

మొదటి రోజు ఎవరూ రాకముందే వెళ్లు. క్లయింటు కూర్చునే కుర్చీలో నువ్వు కూర్చుని చూడు, ఎదురుగా ఏం కనిపిస్తోందో, కిటికీలోంచి ఎండ కళ్లలో కొడుతోందేమో, తలుపు ఎటువైపు ఉందో. తర్వాత నీ ఫ్రెండ్‌ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపల మామూలు గొంతుతో మాట్లాడు, ఎంత వినిపించిందో అడుగు. పాత హాలును ప్లైవుడ్‌తో అడ్డం కట్టి రూములు చేసిన చోట ఆ గోడ స్లాబు దాకా పోదు, ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతుంది, లోపల చెప్పిన మాట పైనుంచి దూకి నేరుగా బెంచీ మీద వాళ్ల చెవిలో పడుతుంది. గోడ కట్టించడం నీ చేతిలో లేదు. బయట తలుపు పక్కన ఒక కూలరో పాత టేబుల్ ఫ్యానో తిప్పి పెట్టడం నీ చేతిలో ఉంది, ఆ చప్పుడులో లోపలి మాట కలిసిపోతుంది. రికార్డింగ్ పెట్టినప్పుడు మాత్రం లోపలి సీలింగ్ ఫ్యాన్ తగ్గించు, లేకపోతే సూపర్‌విజన్‌లో, అంటే నీ టేపు వేసుకుని నీ పని సరిచూసేటప్పుడు, అందరం కలిసి గంటసేపు ఫ్యాన్ వింటాం. మే నెలలో హనుమకొండలో ఫ్యాన్ తగ్గిస్తే క్లయింటే లేచిపోతాడనుకో, అది వేరే సంగతి.

ఇక అద్దం. దాని వెనక అబ్జర్వేషన్ రూమ్‌లో కూర్చునే మేం మీ సెషన్ చూసేది. వన్‌వే మిర్రర్ అంటే ఏదో మాయ అద్దం అనుకుంటారు కొత్త పిల్లలు. గాజు మీద పలచటి పూత, అంతే, మిగతా పనంతా వెలుతురుది. అటు గది వెలుగ్గా, మనం కూర్చున్న గది చీకటిగా ఉన్నంతసేపే అది అద్దం. ఒకసారి మా దగ్గర ఒక అబ్బాయి అబ్జర్వేషన్ రూమ్‌లో నోట్స్ రాసుకోవడానికి ఫోన్ టార్చ్ వేశాడు. అటువైపు ఒక డిగ్రీ అమ్మాయి ఇంట్లో తండ్రి తాగొచ్చి చేసే గొడవ చెబుతోంది. చెబుతూ చెబుతూ మాట ఆపేసింది. అద్దంలో ఆమె మొహం పక్కన ఇంకో నాలుగు మొహాలు తేలాయి. ఆమె ఫారం మీద సంతకం పెట్టింది, అందులో అబ్జర్వేషన్ అనే మాట కూడా ఉంది, కాగితం ప్రకారం మా తప్పేమీ లేదు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. టార్చ్ వేసింది అబ్బాయే అయినా, వాడికి ముందే చెప్పనిది నేను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సంతకం అడిగే ముందు క్లయింటును అద్దం వెనక గదిలోకి తీసుకెళ్లి ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి చూపించమని ట్రెయినీలకు చెప్పేదాన్ని. ఇదిగో ఇక్కడ మా మేడం, ఇద్దరు స్టూడెంట్లు ఉంటారు, నేను సరిగ్గా చేస్తున్నానా లేదా అని నన్నే చూస్తారు, వద్దంటే కర్టెన్ వేస్తాం, వద్దన్నారని మిమ్మల్ని పంపించేయం, అని. నన్నే చూస్తారు అన్న మాటతో చాలామంది తేలికపడతారు. కొందరు వద్దే అంటారు, అప్పుడు నిజంగానే కర్టెన్ వేయాలి. నువ్వు ట్రెయినీవని కూడా మొదటి నిమిషంలోనే చెప్పెయ్. మనవైపు తెల్లకోటు లేకపోయినా "డాక్టరమ్మా" అంటారు, వినడానికి బాగుంటుంది, అయినా సరిదిద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే 1992 చట్టం ప్రకారం ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నీకు అది రావడానికి ఇంకా చాలా చదువుంది.

టెస్ట్ లైబ్రరీకి వెళ్తే ముందు లెక్క పెట్టడం అలవాటు చేసుకో. సెగ్విన్ ఫారం బోర్డు, అదే పిల్లలు ఆకారాలను వాటి గుంటల్లో ఎంతసేపట్లో పెడతారో చూసే టెస్టు, దాంట్లో చెక్క ముక్కలు పది. పిల్లవాడు రాకముందు పది, వెళ్లాక పది. ఒకసారి నక్షత్రం ముక్క పోయింది, రెండు రోజులు బీరువాలన్నీ తిరగేశాం, చివరికి వాళ్లమ్మే పిల్లవాడి నిక్కరు జేబులో దొరికిందని తెచ్చిచ్చింది. ఆ రెండు రోజులూ బోర్డు గోడకు ఆనించి పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు, తొమ్మిది ముక్కలకు పట్టిన టైముతో పోల్చుకునే నార్మ్స్, అంటే మామూలు పిల్లల లెక్కలు, ఎక్కడా ఉండవు మరి. స్టాప్‌వాచ్ కూడా ముందు రోజే చూసుకో. ఫోన్‌లో చూస్తాలే అనుకోకు, పిల్లవాడి కళ్లు బోర్డు మీద కాకుండా నీ ఫోన్ మీద ఉంటాయి.

జిరాక్స్ తీసిన రోర్షాక్ కార్డులు, అవే సిరా మరకల బొమ్మలు, ఎక్కడైనా కనిపిస్తే వాటితో టెస్ట్ చేయకు. పది కార్డుల్లో రెండింట్లో ఎరుపు, మూడింట్లో పూర్తి రంగులు ఉంటాయి, మిగతావాటిలో నలుపు ఎక్కడ చిక్కన, ఎక్కడ పలచన అన్నదానికే అర్థం ఉంది, జిరాక్స్‌లో అదంతా బూడిదైపోతుంది. బినే-కామత్ ఐక్యూ టెస్టు తీసినప్పుడు ఇంకోటి గుర్తుపెట్టుకో, కామత్ గారు దాన్ని కన్నడ, మరాఠీ పిల్లల మీద తయారు చేశారు, అదీ ఎప్పటి మాటో. ములుగు దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్లవాడికి ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. వాడి నోటి జవాబులు చూసి బుద్ధి తక్కువ అని రాసేస్తే ఆ కాగితం వాడి వెంట పదేళ్లు తిరుగుతుంది. అలాంటప్పుడు భాటియా బ్యాటరీ లాంటి చేతి పని టెస్టు కూడా చెయ్, అది చదువురాని వాళ్లకూ పనికొచ్చేలా చేసింది. ఏది ఏ వయసుకు పనికొస్తుందో మాన్యువల్ చూడు, సీనియర్ చెప్పిందని గుడ్డిగా తీయకు.

టెస్టు కంటే ముందు చూపు, వినికిడి. 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ మొట్టమొదటి సైకాలజీ క్లినిక్ పెట్టినప్పుడు దగ్గరికి వచ్చిన మొదటి కేసు స్పెల్లింగ్ రాని ఒక అబ్బాయి, తీసుకొచ్చింది వాళ్ల టీచర్. ఆయన పరీక్ష చేయించినవాటిలో ఆ అబ్బాయి కళ్లు కూడా ఉన్నాయి. నువ్వు కూడా కళ్లద్దాలతో పోయేదానికి ఐక్యూ రిపోర్టు రాసిపెట్టకు.

మాట గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది మీ ఫారాల్లో ఉండదు. తెలుగులోకి మార్చిన ప్రశ్నావళిలో "గత రెండు వారాలుగా నిరాశ, నిస్పృహలకు లోనయ్యారా" అని ఉంటుంది. నర్సంపేట నుంచి వచ్చిన పత్తి రైతు దానికి మర్యాదగా లేదండీ అంటాడు. "ఏమన్న రంది పెట్టుకున్నవా పెద్దయ్యా" అని అడుగు, అప్పుడు కండువాతో మొహం తుడుచుకుంటాడు. రంది అంటే దిగులు, బుగులైతుంది అంటే భయం, యాష్టకొచ్చింది అంటే విసుగు, పానం బాగలేదు అన్నమాటలో ఒళ్లూ ఉంది, మనసూ ఉంది. నిద్ర పడతలేదు, కాళ్లు గుంజుతున్నయి, గుండెల దడ, ఇలా ఒంటి మీద నుంచే మొదలుపెడతారు, అక్కడి నుంచే పట్టుకుని లోపలికి వెళ్లాలి. మా రోజుల్లో సూపర్‌విజన్ రూమ్ గోడకు ఒక చార్ట్ అంటించి, క్లయింట్ల నోటి నుంచి కొత్త మాట వచ్చినప్పుడల్లా రాసేవాళ్లం, ఎవరన్నారో రాయకుండా. నువ్వూ ఒకటి మొదలుపెట్టు. మేడారం జాతరలో అమ్మవారు పూనిందని ఒకామె చెబితే వెంటనే పెన్ను తీసి లక్షణం అని రాయకు, ముందు ఆమె ఊళ్లో దాన్ని ఏమనుకుంటారో అడుగు. కోయ, లంబాడీ మాత్రమే వచ్చిన పెద్దవాళ్లు వస్తే వెంట వచ్చిన పదేళ్ల మనవరాలితో తర్జుమా చేయించకు. కొడుకు మీద తాతకున్న బాధ ఆ పిల్ల నోటితో పలకాల్సింది కాదు.

ఇప్పుడు నేను తలుచుకోవడానికి ఇష్టపడనిది. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 ఫారం ఇస్తావు కదా, తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27. నా దగ్గర చేసిన ఒక అమ్మాయి ఒక కుర్రాడితో నింపించుకుని ఫైల్లో పెట్టుకుని హాస్టల్‌కు వెళ్లి, రాత్రి తొమ్మిదిన్నరకు టోటల్ వేస్తూ చూసింది, తొమ్మిదో ప్రశ్నకు 2. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల ప్రశ్న అది. ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. మొదటి రోజు వివరాలు రాసుకునే ఇన్‌టేక్ ఫారంలో ఆ కుర్రాడి ఫోన్ నంబర్‌లో ఒక అంకె సరిగ్గా లేదు, ఇంటి నంబర్ రాయించుకోలేదు. పదకొండింటి దాకా ముగ్గురం కూర్చుని ఆ అంకె ఒకటా ఏడా అని చూస్తూ రెండు నంబర్లకూ చేశాం. దొరికాడు, బాగానే ఉన్నాడు, పొద్దున్నే వాళ్లన్నతో వచ్చాడు. తొమ్మిదో ప్రశ్న మనిషి ఎదురుగా ఉండగానే చూడాలని నేను ఆ అమ్మాయికి చెప్పాననుకున్నాను. చెప్పలేదు.

అందుకే నీకు చెప్తున్నా. ఫారం చేతికి రాగానే టోటల్ తర్వాత, ముందు తొమ్మిదో దాని మీద కన్ను పడాలి. సున్నా కాకపోతే సూటిగా అడుగు, అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకు, అడగడం వల్ల పుట్టదు. సూపర్‌వైజర్‌ను పిలవకుండా ఆ మనిషిని గడప దాటనివ్వకు. మన ప్రాంతంలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి, ఇంట్లో పురుగుల మందు ఎక్కడ పెడతారు అని. ఇంట్లోవాళ్లతో మాట్లాడి దాన్ని అదే రోజు ఇల్లు దాటించాలి, బావ ఇంట్లోనో, పక్క రైతు దగ్గర తాళం వేసిన కొట్టంలోనో. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరు తీసుకెళ్తారో, ఆటో ఎవరు మాట్లాడతారో ముందే అనుకుని ఉండండి. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 చీటీ మీద రాసి ఇవ్వు, గోడ మీద పోస్టర్ ఉందిలే అని వదిలేయకు, పోస్టర్‌ను ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు.

ఫైళ్లు. బయట పేరు రాయొద్దు, నంబర్ మాత్రమే. పేరు-నంబర్ కలిపిన రిజిస్టర్ వేరే బీరువాలో, ఆ తాళం సూపర్‌వైజర్ దగ్గర. కేసు గురించి వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టొద్దు, పేరు మార్చి కూడా పెట్టొద్దు, "కాజీపేట రైల్వే ఉద్యోగి, ఇద్దరు ఆడపిల్లలు, భార్య టీచర్" అంటే ఇక పేరెందుకు? 2017 మానసిక ఆరోగ్య చట్టంలో గోప్యత పేషెంటు హక్కు, మన మంచితనం కాదు. మైనరు పిల్ల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే మాత్రం పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, ఆ మినహాయింపు మొదటి రోజే క్లయింటుకు తెలియాలి. సగం చెప్పాక కాదు.

అటెండర్‌తో మంచిగా ఉండు. వెయిటింగ్ హాల్ నడిపేది ఆయనే. మా దగ్గర ఒకాయన ఎంత మంచివాడో అంత పెద్ద గొంతు, "సైకాలజీ కేసు ఎవరూ" అని కేకేస్తే కారిడార్ అంతా తిరిగి చూసేది. తిడితే మారలేదు, టోకెన్ నంబర్లు చేసి చేతికిచ్చి "అన్నా, ఇక నుంచి నంబర్ పిలువు" అంటే సంతోషంగా పిలిచాడు. సద్దుల బతుకమ్మ నాడు క్లయింటు ఎదురైతే నువ్వు ముందు పలకరించకు. ఆమె పలకరిస్తే పలుకు. పక్కన మీ అమ్మ ఎవరే అని అడిగితే తెలిసినామె అను, చాలు. నీ క్లాస్‌మేటు, నీ హాస్టల్ పిల్ల కేసుగా వస్తే తీసుకోవద్దు, వేరేవాళ్లకు ఇవ్వమని అడుగు.

సూపర్‌విజన్‌కు నీ టేపులో బాగా వచ్చిన ముక్క తీసుకెళ్లకు. ఎక్కడ నీకు ఏం మాట్లాడాలో తోచక వాచీ చూశావో, ఆ ఐదు నిమిషాలు పెట్టు. మొదటి నెల కడుపులో తిప్పుతుంది. నోట్స్ అదే పూట రాయి, వాళ్ల మాట వాళ్ల మాటగానే.

ఆదివారం ఇంటికి రా. నా పాత స్టాప్‌వాచ్ అటక మీద ఉంది, సెల్ మార్చుకోవాలి. సర్వపిండి చేస్తా.

మీ అత్తమ్మ
హనుమకొండ