మధ్యలో గీత గీయకు

తమ్ముడూ,

అమెరికన్ ఫొటోగ్రాఫర్ సూసన్ మైసెలస్ మీద నీ వ్యాసం చదివాను. కష్టపడ్డావు, కానీ ఆమె జీవితాన్ని నిలువునా రెండు ముక్కలు చేశావు. ముందు రిపోర్టర్, తర్వాత ఆర్టిస్టు. "పత్రికల ఇరుకులోంచి కళ విశాలంలోకి" అన్న వాక్యం ముందు కొట్టెయ్. అది పత్రికల్లో పనిచేసేవాళ్లను చిన్నబుచ్చే మాట, పైగా నిజం కాదు.

తేదీలు చూసుకో. 1976లో ఫొటోగ్రాఫర్ల సహకార సంస్థ మాగ్నమ్‌లో చేరకముందే, 1971లో, చదువుకునే రోజుల్లో తను ఉన్న అద్దె ఇంట్లోనివాళ్లను ఫొటోలు తీసింది. తీసి, ఎవరి ఫొటో వాళ్లకే చూపించి, అందులో తమకు తాము ఎలా కనిపిస్తున్నారో రాసిమ్మంది. నువ్వు చివర్లో వచ్చిందంటున్న 'కాన్సెప్ట్', అంటే బొమ్మ కన్నా దాని వెనక ఆలోచనకు పెద్దపీట వేసే పద్ధతి, అక్కడే మొదలైంది.

ఇక 1979 జూలైలో నికరాగువాలోని ఎస్తెలిలో తీసిన ఫొటో. "ఆవేశంతో రగిలిపోతున్న విప్లవకారుడు" అని తేల్చేశావు. ఆవేశం సంగతి తర్వాత, కంటికి కనిపించేదాన్ని ముందు రాసెయ్. విసరబోతున్న చేతిలో పెప్సీ సీసా, దాని మూతి దగ్గర మంట. రెండో చేతిలో తుపాకి. మెడలో జపమాల. అతను తిరగబడింది నికరాగువాను ఏలుతూ వచ్చిన, అమెరికా ఏళ్ల తరబడి వెనకేసుకొచ్చిన సొమోసా కుటుంబం మీద. అందుకే ఆ సీసా ఏ కంపెనీదో చెప్పాలి. చెబితే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

ఆ బొమ్మ తర్వాత అగ్గిపెట్టెల మీదికి, ఊళ్లలో గోడల మీదికి ఎక్కింది. మరి నికరాగువాలో ఆమె తీసిన ఫొటోల్లోని మనుషులు ఏమయ్యారు? వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి 1991లో ఆమె డాక్యుమెంటరీ చేసింది. 2004లో మళ్లీ వెళ్లి, 19 ఫొటోలను నిలువెత్తు బ్యానర్లుగా వేయించి, ఏది ఎక్కడ తీసిందో అక్కడే కట్టించింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేలా, మాట్లాడుకునేలా! నీ వ్యాసంలో దీనికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. నేనైతే సగం వ్యాసం ఇస్తాను. పద్ధతి ఆర్టిస్టుదే కావచ్చు, కానీ "తర్వాత ఏమైంది?" అన్న ఆ ఆరా మాత్రం అచ్చంగా రిపోర్టర్‌ది.

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ లూక్ డెలహే సంగతి వేరు. అతను 2004లో మాగ్నమ్ వదిలి, తాను ఆర్టిస్టునని తనే ప్రకటించుకున్నాడు. అతని గురించి రాసేటప్పుడు గీత గీయి, ఎవరూ కాదనరు.

తిరగరాసేటప్పుడు 1971తో మొదలుపెట్టు. 'కాన్సెప్చువల్' అన్న మాట ఎక్కడెక్కడ వాడావో వెతికి, దాని బదులు ఆమె ఏం చేసిందో రాయి. వచ్చే వారం పంపితే చూస్తాను.