వేరుశనగ బుడిపె, తిమింగలం కండ, మీ అమ్మాయి చదువు

అనంతపురం దగ్గర నుంచి ఒక తండ్రి అడిగారు: “మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది. ప్రోటీన్ల ఆకారం చూసి జీవపరిణామం చదువుతానంటోంది. మాకు వేరుశనగ సేద్యం తప్ప ఇవేవీ తెలీవు. బీఈడీ చేయిస్తే నయం కదా?”

అన్నా, ముందు మీ చేలోకే వెళ్దాం. పూత మీదున్న మొక్కను పెరికి, వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దూరపు చుట్టం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే ముక్కలు గొలుసుగా కలిసి మడతపడినది. రెండింటి అమైనో ఆమ్లాల వరసలు పక్కపక్కన పెడితే నూటికి ఇరవై కూడా కలవడం కష్టం, వట్టి వరస చూసి చుట్టరికం చెప్పలేం. ఆకారం చూస్తే మాత్రం అదే మడత, ఇనుమున్న హీమ్‌ను అదే తీరుగా చుట్టుకున్న మెలికలు. ఎందుకంటే వరసలో కొన్ని ముక్కలు మారినా పని సాగుతుంది గానీ, మడత చెడితే హీమ్ నిలవదు, ఆక్సిజన్‌ను పట్టుకోలేదు, అలాంటి మార్పు తరాల్లో కొట్టుకుపోతుంది. 1960 ప్రాంతంలో కెండ్రూ అనే శాస్త్రవేత్త తిమింగలం కండలో ఆక్సిజన్‌ను పట్టుకునే మయోగ్లోబిన్ ఆకారాన్ని, పెరుట్జ్ అనే శాస్త్రవేత్త గుర్రం హీమోగ్లోబిన్ ఆకారాన్ని చూపించినప్పుడు అవీ ఇదే అచ్చులో కనిపించాయి. 1962లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ అమ్మాయి చదువుతానంటున్నది ఇలాంటి చుట్టరికాలే.

ఇక బతుకుతెరువు. ఉత్త ఎమ్మెస్సీతో ఆగితే ఉద్యోగాలూ తక్కువ, జీతాలూ తక్కువే, ఇది మీ దగ్గర దాచను. పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక కావాలి, అంటే డిగ్రీ తర్వాత ఏడెనిమిదేళ్లు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, అప్పటి నుంచి ఖర్చుకు మీ మీద ఆధారపడదు. ప్రోటీన్ల ఆకారం ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక ఆకారాలన్నీ కంప్యూటరే చెప్పేస్తుంటే మనుషులతో పనేముందని టెన్షన్ పడకండి. అది ఊహించి ఇచ్చిన 20 కోట్ల ఆకారాల్లో ఎవరికి ఎవరు చుట్టమో తేల్చే పని బోలెడుంది, దానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్ రావాలి, ఇప్పుడే మొదలుపెట్టమనండి. మూడో ఏడాదిలో ఎమ్మెస్సీ ప్రవేశాలకు జామ్ రాయాలి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలున్నాయి. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.

ఈ ఆదివారం తనను ఒక పని చేయమనండి. ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో 1ఎంబీఎన్, 1ఎల్‌హెచ్1 అనే రెండు ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి, మొదటిది తిమింగలానిది, రెండోది లూపిన్ అనే పప్పుజాతి మొక్కది. ఆకారాలు చూపే కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎక్కడ కలిశాయో ఎక్కడ తప్పాయో రాసుకోమనండి. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపమనండి, మిగతాది తనతోనే మాట్లాడతాను.